కొడవలి పదును ఎందుకు నిలవదు? కొలిమి పనిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొలిమి పని గురించినవే ఎక్కువ. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఒక్కో జవాబు ఇస్తున్నాం. కత్తి మొద్దుబారినా, గడ్డపార వంగినా మనకు మొదట నోటికొచ్చే మాట "ఇనుము మంచిది కాదు" అని. ఈ ఉత్తరాలన్నీ చదివాక మాకు తేలిందేమంటే, తప్పు ఇనుముది తక్కువ, కాకది, అంటే కొలిమిలో పట్టే వేడిది ఎక్కువ.

ప్రశ్న: కొత్తగా చేయించిన రెండు కొడవళ్లతో చెరకు సోగ కోస్తే పూట తిరక్కుండానే మొద్దుబారుతున్నాయి. మా నాయన కాలం నాటి కొడవలి అరిగి సన్నబడినా ఇప్పటికీ తెగుతోంది. కమ్మరాయన "ఇప్పటి ఇనుము అంతే" అంటున్నాడు. నిజమేనా? (రైతు, పాకాల)

జవాబు: సగం నిజం. ముందు ఆ కొడవళ్లు దేనితో చేశారో కనుక్కోండి. ఇల్లు కట్టే టీఎంటీ కమ్మీ ముక్కనో, గేట్లకు వాడే పట్టీనో సాగగొట్టి చేసి ఉంటే ఎన్నిసార్లు పదును పెట్టించినా అది నిలవదు. కాల్చి ముంచితే ఇనుము గట్టిపడాలంటే అందులో కర్బనం ఉండాలి. కట్టుబడి కమ్మీలో అది 0.3 శాతం దాటదు. కొడవలికి కనీసం 0.5 శాతం కావాలి. లారీ కమాన్ పట్టీలో 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది కాబట్టే కొలిముల్లో దానికి అంత గిరాకీ. అరిగిపోయిన ఆకురాళ్లలో ఒక శాతం పైనే ఉంటుంది. అది ఉలికీ, చిన్న కత్తికీ బాగుంటుంది కానీ కొడవలికి పెళుసు.

గుజిరీ అంగట్లో తెచ్చిన ముక్క ఏ రకమో తెలియకపోతే గ్రైండర్‌కు ఆనించి నిప్పురవ్వలు చూడండి. మెత్త ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, తీగల్లా సాగిపోతాయి, కొనలో పెద్దగా చీలవు. కర్బనం ఉన్నదైతే రవ్వ పొట్టిగా ఉండి కొన దగ్గర చిటపటమని పువ్వులా విచ్చుకుంటుంది. పక్కనే ఒక ఆకురాయి ముక్కనూ, ఒక టీఎంటీ ముక్కనూ పెట్టుకుని మూడింటినీ పోల్చి చూస్తే కొత్తవాడికి కూడా తేడా తెలుస్తుంది.

ఇంకా గట్టి పరీక్ష ఉంది. ఆ ఇనుములోంచి వేలి పొడవు సన్న పట్టీ తీసి ఎర్రగా కాల్చి నూనెలో ముంచండి. చల్లారాక ఒక కొనను వైస్‌లో బిగించి, కంటికి అద్దాలు పెట్టుకుని, సుత్తితో కొట్టండి. వంగితే అది పనికిరాదు. విరిగితే విరిగిన చోటును వెలుతురులో చూడండి. బూడిద రంగులో, పట్టుగుడ్డలా నున్నగా ఉంటే ఇనుమూ మంచిదే, కాకా సరిపోయింది. ఉప్పుకల్లులా మెరిసే గింజలు కనిపిస్తే ఇనుము మంచిదే, కాక మితిమీరింది.

ఇక మీ కొడవళ్లు కమాన్ పట్టీతోనే చేసి ఉంటే లోపం పదును పెట్టడంలో, అంటే కాల్చి ముంచి గట్టిపరచడంలో ఉంది. సరైన పద్ధతి ఇది. సాగగొట్టడం పూర్తయ్యాక కొడవలిని ఎర్రగా కాల్చి, గాలి ఆడే చోట తనంతట తాను చల్లారనివ్వాలి. ఇలా మూడుసార్లు. సుత్తి దెబ్బలకు లోపల పడ్డ బిగువు దీనితో పోతుంది. ఇది చేయకుండా ముంచితే కొడవలి వంకర తిరుగుతుంది. ఆ తర్వాత వాదరను ఆకురాయితో సన్నం చేయాలి, కానీ కాగితంలా కాదు. రూపాయి బిళ్ల అంచు మందంలో సగమన్నా ఉంచి, మిగతాది పదును పెట్టాక సాన పట్టాలి. అంతకంటే సన్నగా ఉంటే నిప్పులో వాదరే ముందు మాడిపోతుంది.

పదును కాకకు కొలత అయస్కాంతం. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని ఇనుప తీగకు కట్టి కొలిమి పక్కన వేలాడదీసుకుంటే చాలు. కాలిన కొడవలిని దానికి ఆనించినప్పుడు అంటుకోకపోతే, అక్కడి నుంచి ఇంకొక్క ఛాయ పైకి, అంటే దానిమ్మ ఎరుపు దాటి నారింజకు తిరుగుతున్నంత వరకు కాల్చి ముంచాలి. కమాన్ పట్టీకి 830 నుంచి 860 డిగ్రీలు సరిపోతుంది. నారింజ దాటి పసుపు దాకా పోనిస్తే ముందు చెప్పిన ఉప్పుకల్లు గింజలు తయారవుతాయి. కొలిమిని ఎండలో కాకుండా నీడలో, కాస్త చీకటిగా ఉన్న పాకలో పెట్టుకునేది ఈ రంగు కోసమే. మిట్టమధ్యాహ్నం ఆరుబయట నారింజ కూడా ఎరుపులాగే కనిపిస్తుంది.

ముంచేది నూనెలో. కమాన్ పట్టీ నూనెకే గట్టిపడే రకం. దాన్ని నీళ్లలో ముంచితే సన్నని వాదర "టిక్" మని చిట్లుతుంది, ఆ చీలిక కంటికి కనపడకపోవచ్చు. మన పక్క చవగ్గా దొరికే వేరుశనగ నూనె ఈ పనికి చాలా మంచిది. నిలువు డబ్బాలో నాలుగైదు లీటర్లు పోసి, ముందుగా ఒక కాలిన ఇనుప ముక్కను అందులో ముంచి నూనెను గోరువెచ్చన దాటించాలి, 50–60 డిగ్రీలు. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని త్వరగా లాగదు. వాడేసిన ఇంజన్ ఆయిల్ ఊరికే వస్తుందని చాలామంది అదే వాడతారు. ఆ పొగ పీల్చడం మంచిది కాదు, మేం వద్దంటాం. డబ్బాకు మూత పక్కనే ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేయాలి తప్ప నీళ్లు పోయకూడదు.

ఇప్పుడు కొడవలి గాజులా ఉంటుంది, కింద పడితే విరుగుతుంది. చాలా కొలిముల్లో పని ఇక్కడే ఆగిపోతుంది, లేదా ఆ పెళుసుకు భయపడి అసలు సరిగ్గా ముంచకుండా వదిలేస్తారు. మీ కొడవళ్ల సంగతి రెండోదే అయ్యుండాలి. పెళుసు తీయడానికి మళ్లీ కొద్దిగా కాచాలి. కొడవలిని ఇసుకరాయితో రుద్ది తెల్లగా మెరిసేలా చేసి, బాగా కాలిన ఇనుప దిమ్మ మీద వెన్ను వైపు ఆనించండి. వేడి వెన్ను నుంచి వాదర వైపు పాకుతుంటే మెరుపు మీద రంగులు నడుస్తాయి. 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, 240కి ముదురు పసుపు, 255–265కి గోధుమ, 280కి ఊదా, 300కి నీలం. వాదర దగ్గర గోధుమ రంగు కనపడగానే నీళ్లలో ముంచి ఆపేయాలి. అప్పటికి వెన్ను నీలం అయి ఉంటుంది, అలాగే ఉండాలి కూడా. వెన్ను మెత్తగా ఉంటేనే కొడవలి విరగదు. కొమ్మలు నరికే మచ్చుకత్తికైతే వాదరను ఊదా దాకా పోనివ్వండి. గొడ్డలికి ఊదా దాటి నీలం తగులుతుండగా ఆపాలి.

పని సరిగ్గా వచ్చిందా లేదా అనేది ఆకురాయి చెబుతుంది. నూనెలోంచి తీయగానే వాదర మీద కొత్త ఆకురాయి జారిపోవాలి, పట్టకూడదు. పట్టిందంటే కాక చాలలేదు, మళ్లీ మొదటికి. రంగులు చూసి ఆపాక కొంచెం పడుతుంది, అది సరే.

ఇదంతా చేయడానికి కమ్మరాయనకు కొడవలికి ఒక అరగంట అదనంగా పడుతుంది. ఆ అరగంటకు కూలి ఇవ్వకుండా సంతలో దొరికే రేకు కొడవలి ధరకు బేరమాడితే, రేకు కొడవలి పనితనమే వస్తుంది.

ప్రశ్న: మామిడి తోపులో కొమ్మలు కొట్టే మచ్చుకత్తిని టౌన్లో మెషిన్ మీద సాన పట్టించాను. ఆ రోజు గడ్డం గీసుకునేంత పదును. మర్నాటికి వాదర మడత పడింది. (బంగారుపాళెం)

జవాబు: వాదర వెంబడి నీలం రంగు గీత కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే మెషిన్ వేడికి పదును దిగిపోయింది. పైన చెప్పిన రంగులు గ్రైండర్ మీద కూడా అవే. సన్నని వాదర రెండు మూడు సెకన్లలో 300 డిగ్రీలు దాటేస్తుంది. నీలం గీత సన్నగా ఉంటే దాన్ని తడి రాయి మీద పూర్తిగా అరగదీసి మెరుపు వచ్చేదాకా పోండి, కింద గట్టి ఇనుము ఉంటుంది. వేలు వెడల్పున నీలం ఉంటే మళ్లీ కొలిమికి పంపడమే. ఇక మీదట మెషిన్ దగ్గర నీళ్ల బకెట్ పెట్టించి, ప్రతి వాటుకూ ముంచమనండి. వట్టి చేత్తో పట్టుకోలేనంత వేడెక్కకూడదు. చేతికి గ్లౌజు వేసుకుని సాన పట్టేవాడికి ఆ సంగతి తెలియదు కాబట్టి మీరే చెప్పాలి.

ప్రశ్న: మా నేలంతా గుండ్రాళ్లు. గడ్డపార మొన ఒకసారి వంగుతోంది, కమ్మరాయన దగ్గర బాగు చేయిస్తే ఈసారి విరుగుతోంది. మధ్యస్థంగా ఉండదా? (పలమనేరు)

జవాబు: ఉంటుంది. గడ్డపార మొత్తాన్ని గట్టిపరచకూడదు, మొన రెండంగుళాలే. మొన నుంచి నాలుగైదు అంగుళాలు ఎర్రగా కాల్చి, మొన రెండంగుళాలు మాత్రం నీళ్లలో పెట్టాలి. పెట్టినచోటే నిలపకుండా అర అంగుళం పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. ఆడించకపోతే నీటి మట్టం దగ్గర గట్టి ఇనుముకూ మెత్త ఇనుముకూ మధ్య గీత గీసినట్టు హద్దు పడి, సరిగ్గా అక్కడే విరుగుతుంది. మీ గడ్డపార విరిగిన ముక్క ప్రతిసారీ ఒకే పొడవు ఉంటే కారణం అదే. మొన నల్లబడగానే పైకి తీసి గబగబా రాయితో రుద్దితే, పైన మిగిలిన వేడి కిందికి దిగుతూ రంగులు కనిపిస్తాయి. మొనకు నీలం రాగానే మొత్తం ముంచేయాలి. గోధుమ రంగు దగ్గర ఆపితే రాతి నేలకు అది పెళుసు. మొనను మరీ సూదిగా సాగదీయించకండి. నాలుగు పలకలుగా, మొద్దుగా ఉన్న మొన రాళ్లలో ఎక్కువ కాలం వస్తుంది.

వంగిన మొనను చల్లగా ఉన్నప్పుడే రాయి మీద పెట్టి కొట్టి సరిచేసే అలవాటు మానుకోండి. పగులు అప్పుడే మొదలవుతుంది.

ప్రశ్న: ఐటీఐ చదివిన కుర్రవాణ్ని. మా తాత పాత కొలిమిని మళ్లీ నిలబెట్టాలని ఉంది. తోలు తిత్తి పాడైపోయింది. బ్లోయర్ పెట్టుకోవచ్చా? గుంత ఎంత ఉండాలి? బొగ్గు ఏది? (శ్రీకాళహస్తి)

జవాబు: కొడవళ్లు, కత్తులు, పారల పనికి నేల మీది గుంత కొలిమి చాలు. గుంత పైన 9–10 అంగుళాల వెడల్పు, 4–5 అంగుళాల లోతు. గాలి పక్క నుంచి వచ్చేట్టయితే గొట్టం మూతి గుంత అడుగు నుంచి రెండంగుళాలు పైన ఉండాలి. అడుగుకే పెడితే చిట్టెం (బొగ్గు బూడిద కరిగి కట్టే మడ్డి) మూతిని పూడ్చేస్తుంది. గొట్టం అంగుళంన్నర ఇనుప పైపు, నిప్పులోకి వచ్చే చివర అంగుళం బెజ్జం. ఆ చివరకు మట్టి దిట్టంగా మెత్తాలి, లేకపోతే గొట్టమే కాలి పొట్టిదైపోతుంది. జింకు పూత ఉన్న నీళ్ల పైపు మాత్రం వాడొద్దు, ఎందుకో కింద వేరే జవాబులో ఉంది.

మట్టికి పుట్టమన్ను రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, వరి ఊక గుప్పెడు గుప్పెడుగా కలిపి, రెండు రోజులు నానబెట్టి తొక్కండి. మెత్తాక వారం రోజులు నీడలో ఆరనిచ్చి, తర్వాత చిన్న మంటతో ఒక పూటంతా కాచాలి. ఆత్రపడి పెద్ద నిప్పు పెడితే లోపలి తడి ఆవిరై పెచ్చులు ఎగిరిపడతాయి. మీ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు గట్టిగా ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు కాసేపు సన్న నిప్పుతో గుంతను వెచ్చబెట్టుకోండి. బొగ్గు బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టాలి. తడి బొగ్గు చిట్లి కంట్లో పడుతుంది.

బ్లోయర్ నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు, కానీ గాలిని తగ్గించే తలుపు తప్పనిసరి. తిత్తి ఊదే మనిషి నిప్పును చూస్తూ ఊదుతాడు, బ్లోయరుకు కళ్లు లేవు. కొత్తగా బ్లోయర్ పెట్టిన కొలిముల్లో జరిగే నష్టమల్లా ఒకటే, గాలి ఎక్కువై ఇనుము మాడిపోవడం. ఇనుము నుంచి తెల్లటి నిప్పురవ్వలు రాలుతున్నాయంటే ఇనుమే కాలిపోతోందని అర్థం. ఆ భాగాన్ని కోసి పారేయాలి, ఎంత కొట్టినా అతుక్కోదు. ఇంటర్నెట్‌లో రెగ్యులేటర్ పెట్టమంటారు. పెట్టొచ్చు, కానీ గొట్టానికి అడ్డంగా జారే రేకు తలుపు ఇంకా తేలిక, పాడయ్యేదేమీ ఉండదు.

ఒక జాగ్రత్త. పని మధ్యలో కరెంటు పోతే రాక్షసి బొగ్గు నుంచి వచ్చే వాయువు వెనక్కి, గొట్టంలోకి చేరుతుంది. కరెంటు రాగానే బ్లోయర్ తిరిగితే అది ఢామ్మని పేలుతుంది. కరెంటు పోయిన వెంటనే గొట్టాన్ని బ్లోయర్ నుంచి విడదీయండి. మళ్లీ తగిలించే ముందు బ్లోయరును విడిగా తిప్పి చూడండి. విడదీయడానికి వీలుగా ఆ జాయింటును వెల్డింగ్ చేయించకుండా వదులుగానే ఉంచుకోండి.

బొగ్గు సంగతి. మన ప్రాంతానికి అందుబాటులో ఉన్న రాక్షసి బొగ్గు ఎక్కువగా సింగరేణిది. అది కోకుగా మారే రకం కాదు, బూడిద కూడా ఎక్కువ. బాయిలర్లకు సరిపోతుంది కానీ కొలిమిలో గట్టి కుప్పగా కట్టదు, చిట్టెం ఎక్కువ వదులుతుంది. పారలు సాగగొట్టడానికి పరవాలేదు. పదును పెట్టడానికీ, అతుకు పనికీ సర్కారు తుమ్మ బొగ్గే మేలు. ఊరూరా ఆ కంపే కాబట్టి బస్తాలకు కొదవ ఉండదు. చేతికొచ్చిన సైజులో పొయ్యకుండా నిమ్మకాయంత ముక్కలుగా కొట్టి జల్లించుకోండి. పెద్ద ముక్కల సందుల్లోంచి గాలి నేరుగా ఇనుమును తాకి పొక్కు (పైన పెచ్చులా లేచే పొర) కట్టిస్తుంది, పొడి అయితే గాలినే ఆపేస్తుంది. ఎవరైనా అడవి కలప బొగ్గు చవగ్గా ఇస్తామంటే దండం పెట్టేయండి. శేషాచలం చుట్టుపక్కల ఆ బేరం ఏ కేసుకు దారి తీస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

నిప్పు నడుమ నల్లటి మచ్చ పడి, మంట చుట్టూ మాత్రమే లేస్తుంటే గాలి దారిలో చిట్టెం పేరుకుందని గుర్తు. వేడిగా ఉన్నప్పుడు కెలికితే అది పాకంలా సాగి ముక్కలవుతుంది. గాలి ఆపి రెండు మూడు నిమిషాలు ఆగితే బిళ్లగా గడ్డకడుతుంది, కొక్కెంతో ఒకేసారి లాగేయొచ్చు.

దాగలి, అంటే ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ గురించి మీరు అడగలేదు కానీ అడగాల్సింది అదే. కొత్త దాగలి కొనలేక చాలామంది రైలు పట్టా ముక్క కోసం వెతుకుతారు. ఇనుము బ్రహ్మాండమైనదే. మన రైల్వేలో ఇప్పుడు ఎక్కువగా వాడే పట్టాలు మీటరుకు 52, 60 కిలోల రకాలు, అంటే 60 కిలోల పట్టా అడుగు ముక్క 18 కిలోలు తూగుతుంది. దాన్ని అడ్డంగా పడుకోబెడితే నడుము సన్నం కాబట్టి దెబ్బకు స్ప్రింగులా ఊగుతుంది, నిలువుగా పాతితే దెబ్బ నేరుగా కిందికి దిగుతుంది. మూడడుగుల ముక్కను నిలువుగా భూమిలో పాతుకుంటే యాభై కిలోల బరువు మీ సుత్తి కింద ఉన్నట్టే. అయితే రసీదు లేని రైలు పట్టా ముక్కను మీ దగ్గర ఉంచుకోవడం 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద నేరం. వేలంలో కొన్నవారి దగ్గర బిల్లు రాయించుకుని తీసుకోండి, లేదా పాత క్రషర్ దవడ పలక, జేసీబీ బకెట్ కింది దిమ్మ లాంటివి వెతకండి.

నిలబడి పని చేసేట్టయితే దాగలి ఎత్తు మీ పిడికిలి వేళ్లకు తగలాలి. చేతి సుత్తి కిలో, కిలోంబావు చాలు. రెండు కిలోల సుత్తి పట్టుకుంటే పనితనం రాకముందే మోచెయ్యి పోతుంది. సమ్మెట నాలుగు కిలోలది ఒకటి ఉంచుకోండి, కొట్టడానికి తోడు మనిషి ఉన్నప్పుడే.

పాకకు గోడలు రెండు వైపులే ఉంచండి. మూసిన గదిలో బొగ్గు నుంచి వచ్చే విషవాయువు కంటికి కనపడదు, వాసన రాదు, మనిషిని పడేస్తుంది.

ప్రశ్న: గొడ్డలి నోరు అరిగిపోతే వెల్డింగ్ షాపులో కమాన్ పట్టీ ముక్క అతికించాను. రెండోరోజు మొద్దు చీలుస్తుంటే ఆ ముక్క ఊడి ఎగిరింది. (కార్వేటినగరం)

జవాబు: ఎవరికీ తగల్లేదు కదా, అంతే చాలు. అతుకు ఊడిందా, అతుకు పక్కన విరిగిందా చూడండి. నూటికి తొంభై పాళ్లు పక్కనే విరిగి ఉంటుంది. వెల్డింగ్ మంట తగిలిన పట్టీ అంచు ఒక్క క్షణంలో ఎర్రబడి, చుట్టూ ఉన్న చల్లటి ఇనుము వల్ల అంతే త్వరగా చల్లారి, పదును పెట్టినట్టు గట్టిపడి పెళుసవుతుంది. షాపుల్లో గేట్లకు వాడే 6013 రాడ్డు ఈ పనికి కాదు. 7018 రాడ్డు కావాలి, అదీ పొడిగా ఉన్నది. ప్యాకెట్ విప్పి వానాకాలమంతా మూలన పడేసిన రాడ్డు తడి పీల్చుకుని ఉంటుంది, ఆ తడే అతుకు కింద పగుళ్లు పుట్టిస్తుంది. వెల్డింగుకు ముందు గొడ్డలినీ పట్టీనీ 250–300 డిగ్రీలకు కాచాలి. మెరిపించిన చోట నీలం రంగు వస్తే ఆ వేడి వచ్చినట్టే. అతికాక వెంటనే పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయాలి. నీళ్లలో ముంచితే పని పోయినట్టే. మర్నాడు కొలిమిలో పదును పెట్టించుకోవాలి.

కమ్మరాయనకు అతుకు పని వస్తే కొలిమిలో అతికించడమే మంచిది. గొడ్డలి నోటిని చీల్చి, కమాన్ ముక్కను నాలుకలా మధ్యలో దూర్చి, వెలిగారం చల్లి, తుమ్మ బొగ్గు నిప్పులో లేత పసుపు రంగు దాకా కాల్చి కొడతారు. వెలిగారం కరిగి తేనెలా పారుతూ పొక్కును కడిగేస్తుంది. మొదటి దెబ్బలు తేలిగ్గా, గబగబా వేయాలి. గట్టిగా కొడితే రెండు ముక్కలూ జారిపోతాయి. ఈ పని చూస్తూ నేర్చుకోవాల్సిందే, చదివి రాదు. చీల్చి దూర్చిన నాలుక ఊడదు, ఎందుకంటే రెండు వైపులా పాత ఇనుము దాన్ని కరిచి పట్టుకుని ఉంటుంది.

ప్రశ్న: ఎద్దుల బండి చక్రం పట్టా వేసవిలో వదులై జారిపోతోంది. చక్రాన్ని కుంటలో నానబెడుతున్నాం. పట్టా కొత్తది వేయిస్తే ఎంత కొలతతో వేయించాలి? (చంద్రగిరి)

జవాబు: నానబెట్టడం ఆ రోజుకు పని గడుపుతుంది, రెండు మూడేళ్లలో పూటీలు (చక్రం అంచు చెక్కలు) కుళ్లిపోతాయి. పట్టా తీసి కోసి మళ్లీ ఎక్కించడమే పరిష్కారం. కొత్తది అక్కర్లేదు, పాతదాని మందం బాగుంటే సరిపోతుంది.

మొదట పట్టా లేకుండా చక్రాన్ని చూడండి. పూటీల మధ్య సందులు అన్నీ కలిపి పావు అంగుళం ఉండాలి. పూటీలు ఒకదానికొకటి ఆనుకుని ఉండి ఆకులు (నడిమి నుంచి అంచుకు వచ్చే కర్రలు) మాత్రం కదులుతుంటే, పట్టా ఎంత బిగించినా బిగువు ఆకుల దాకా చేరదు. వడ్రంగి చేత ఒక పూటీ చివర సన్నగా కోయించాలి. ఈ ఒక్క పని మరచిపోయి పట్టాను తిట్టేవాళ్లే ఎక్కువ.

కొలతకు చిన్న రేకు బిళ్లను చక్రం అంచు మీద దొర్లించి ఎన్ని చుట్లు తిరిగిందో గుర్తు పెట్టుకోండి, అదే బిళ్లను పట్టా లోపలి అంచు మీద దొర్లించండి. అయిదడుగుల చక్రానికి చుట్టుకొలత 188 అంగుళాల పైచిలుకు. పట్టా లోపలి కొలత దానికంటే అర అంగుళం తక్కువ ఉండాలి. లెక్క ఏమిటంటే, 400 డిగ్రీలు వేడెక్కితే అంత పొడవు పట్టా 0.9 అంగుళం సాగుతుంది. అర అంగుళం తక్కువ చేసినా, ఎక్కించేటప్పుడు చుట్టుకొలతలో 0.4 అంగుళం, అంటే చక్రం అడ్డకొలతలో మూడు మిల్లీమీటర్లు వెసులుబాటు దొరుకుతుంది. బాగా బిగుస్తుందని అంగుళం తక్కువ చేస్తే ఎక్కదు, ఎక్కినా ఆకులు వంగి చక్రం గొడుగు తిరుగుతుంది. కొత్త పట్టీ వంచేటట్టయితే పొడవు లెక్క చక్రం అడ్డకొలతకు పట్టీ మందం కలిపి వేయాలి. అరంగుళం మందం పట్టీకి 60.5ను 3.14తో గుణించి, వచ్చినదాంట్లోంచి అర అంగుళం తీసేయండి, దగ్గర దగ్గర 189న్నర అంగుళాలు. అతుకు ఒకదాని మీద ఒకటి వేసేదైతే ఆ మేర అదనం.

పట్టాను మూడు రాళ్ల మీద పెట్టి, లోపలా బయటా పిడకలు పేర్చి, చుట్టూ ఒకేలా కాల్చాలి. ఎండు పుల్లతో రుద్దితే పుల్ల పొగలు చిమ్మి నల్లగా మాడాలి, అది చాలు. ఎర్రబడేదాకా పోతే పూటీలు అంటుకుంటాయి. ముగ్గురు మనుషులు, మూడు పొడుగు పట్టకార్లు, ఆరేడు బిందెల నీళ్లు ముందే సిద్ధంగా ఉండాలి. పట్టా కూర్చోగానే చుట్టూ ఒకేసారి పోయాలి. ఒక వైపే పోస్తే ఆ వైపు ముందు బిగిసి రెండో వైపు పైకి లేస్తుంది. ఆకులు కీచుమంటూ నడిమి కుండలోకి దిగే చప్పుడు వినిపిస్తే పని కుదిరింది.

ప్రశ్న: గొడ్డలి కామ ఎండాకాలంలో ఊడుతోంది. కత్తి పిడి కూడా. (పుత్తూరు)

జవాబు: పచ్చి కర్రతో కామ వేస్తే ఎండాక కుంచించుకుంటుంది. తుమ్మ కర్రను కోసి ఆరు నెలలు నీడలో ఆరబెట్టి ఏప్రిల్, మే నెలల్లో బిగించండి. చీల కూడా ఎండు కర్రదే కావాలి, కామ పైకి పావు అంగుళం మిగలాలి. నీళ్లలో నానబెడితే కర్ర ఉబ్బి, గొడ్డలి కన్నులో నలిగి, ఎండాక మునుపటికంటే వదులవుతుంది. కత్తికి పిడి వైపున్న కొనను కాల్చి పిడిలోకి దింపేటప్పుడు మూడింట రెండు వంతులు మాత్రమే కాల్చి దింపి, మిగతాది కొట్టి దింపాలి. అంతా కాల్చి దింపితే లోపల బొగ్గు పొరే మిగులుతుంది, అది రాలగానే పిడి వదులు. ఇప్పటికే వదులైన పిడికి లక్కలో ఇటుక పొడి కలిపి కరిగించి పోయండి. పిడి మొదట్లో పొన్ను (లోహపు కట్టు) తొడిగితే అది చీలదు.

ప్రశ్న: పాత జీఐ పైపులు కాల్చి గొలుసు కొక్కేలు చేశాం. ఆ రాత్రి ఇద్దరికీ చలిజ్వరం. పాలు తాగితే తగ్గుతుందంటున్నారు. (ఏర్పేడు)

జవాబు: అది జింకు పొగ జ్వరం. పైపు మీది జింకు 907 డిగ్రీల దగ్గర మరిగి తెల్లటి పొగగా లేస్తుంది. కొన్ని గంటలకు వణుకు, ఒళ్లు నొప్పులు, నోట్లో లోహపు రుచి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆయాసం ఉన్నా, తగ్గకపోయినా ఏ పొగ పీల్చారో చెప్పి డాక్టరుకు చూపించండి. పాలు దీనికి మందు కాదు. పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టకపోవడమే దారి. పాత గేట్లు, కిటికీ చువ్వల రంగును కూడా గీకేశాకే కాల్చండి, పాత రంగుల్లో సీసం ఉంటుంది.

ప్రశ్న: విశ్వకర్మ పథకంలో కమ్మరులకు ఏమిస్తారు? కొలిమి సొంతంగా లేకపోయినా ఇస్తారా? (ఐరాల)

జవాబు: పీఎం విశ్వకర్మ 2023 సెప్టెంబరు 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి, సుత్తులు, పనిముట్లు చేసేవారు వేరే వృత్తిగా ఉన్నారు. 18 ఏళ్లు నిండి, చేతిపని స్వయంగా చేస్తూ ఉండాలి, కుటుంబానికి ఒక్కరికే. పాక ఎవరి పేరున ఉందనే దానికంటే పని మీరు చేస్తున్నారా అన్నదే ముఖ్యం, దాన్ని మొదట ధ్రువీకరించేది పంచాయతీ. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు. నమోదు సీఎస్సీ (కామన్ సర్వీస్ సెంటర్)లో, ఆధార్, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు, ఆధార్‌కు కలిపిన ఫోను తీసుకెళ్లాలి.

ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, రోజుకు 500 రూపాయల భత్యం. పనిముట్లకు 15,000 రూపాయల ఈ-వోచరు. పూచీకత్తు లేకుండా మొదట లక్ష దాకా అప్పు, 18 నెలల్లో తీర్చాలి. అది సరిగ్గా తీర్చినవారికి 2 లక్షల దాకా, 30 నెలలు. వడ్డీ 5 శాతం. గత అయిదేళ్లలో ముద్ర లాంటి అప్పు తీసుకుని ఇంకా తీర్చకుండా ఉంటే ముందు ఆ లెక్క తేల్చుకోండి, దరఖాస్తు ఎక్కువగా అక్కడే ఆగుతుంది. వోచరుతో మొదట కొనాల్సింది మా దృష్టిలో గ్రైండరు కాదు, బరువైన బెంచి వైసూ, గాలి తలుపు ఉన్న బ్లోయరూ. గ్రైండరు ఊళ్లో ఎవరి దగ్గరైనా అద్దెకు దొరుకుతుంది.